270 కిలోల సీసం దించాక: అనంతపురంలో ఒక పాత రేవా కారు కేస్ స్టడీ

2023 ఏప్రిల్ మొదటి వారం. షట్టర్ ఎత్తుతుండగానే ఒక ట్రాక్టరు, దాని వెనక తాడుతో కట్టిన ఎర్ర రేవా ఎలక్ట్రిక్ కారు మా షాపు ముందుకొచ్చి ఆగాయి. కారు స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నది సాయినగర్‌లో ఉండే రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ మేడం. డెబ్బై దాటిన మనిషి. మెల్లగా దిగి, కారు పైకప్పు మీద చెయ్యి వేసి, "ఏమప్పా, దీన్ని బతికిస్తావా, లేకుంటే తూకానికి వేసేయమంటావా?" అన్నారు.

ఇన్వర్టర్ బ్యాటరీలతో మొదలుపెట్టి ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. ఈ మధ్య ఎక్కువగా ఎలక్ట్రిక్ ఆటోలే వస్తున్నాయి. కారుకు పూర్తి ప్యాక్ కట్టడం మాత్రం నాకు అదే మొదలు. అందులో సరిగ్గా చేసినవీ, తప్పు చేసి దిద్దుకున్నవీ ఇదే పని చేసేవాళ్లకు ఉపయోగపడతాయని రాస్తున్నాను.

కారును 2006లో మేడం భర్త బెంగళూరులో కొన్నారు. ఆయన పోయి ఆరేళ్లయింది. మోకాళ్లు అరిగి మేడం స్కూటర్ మానేశారు. ఈ కారుకు క్లచ్ లేదు, గేర్లు మార్చే పని లేదు, సీటు ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఎక్కడం దిగడం సులువు. పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ 2021లో అయిపోతే ఇంకో ఐదేళ్లకు రెన్యువల్ కూడా చేయించుకున్నారు. కాగితాల ప్రకారం అప్పటికి కారు బతికే ఉంది. ఒకప్పుడు ఒక్క ఛార్జికి అరవై కిలోమీటర్లు సులువుగా తిరిగిన బండి ఇప్పుడు పద్నాలుగుకే నిలబడిపోతోంది.

"రోజుకు ఎంత తిరుగుతారు మేడం?" అని అడిగితే సంచిలోంచి గోడ క్యాలెండర్ తీసి బల్ల మీద పరిచారు. ప్రతి తేదీ గడిలో పాల లెక్క పక్కన చిన్న అక్షరాలతో ఆ రోజు మీటరు రీడింగ్ రాసి ఉంది. భర్త చేసిన అలవాటట, ఆమె కొనసాగిస్తున్నారు. మూడు నెలల గడులు కూడి చూస్తే రోజుకు సగటున 18 కిలోమీటర్లు తేలింది. గుడి, కూరగాయల మార్కెట్, బ్యాంకు, రుద్రంపేటలో పిల్లలకు చెప్పే ఉచిత ట్యూషన్. కస్టమర్ వాడకం గురించి అంత శుభ్రమైన లెక్క నాకు ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు.

ఏం చెడింది

రేవాలో ముందు సీట్ల కింద ఎనిమిది సీసం బ్యాటరీలు ఉంటాయి. ఒక్కోటి 6 వోల్టులు, 200 ఆంపియర్ అవర్లు (ఎంత కరెంటు దాచుకోగలదో చెప్పే కొలత), వరుసగా కలిపితే 48 వోల్టులు. మేడం కారులో ఉన్నది నాలుగో సెట్టు, 2019లో వేయించింది. రాత్రంతా ఛార్జి పెట్టి, పొద్దున కాసేపు వదిలి ఒక్కోదాన్నీ కొలిచాను. ఆరు బ్యాటరీలు 6.3 దగ్గర ఉన్నాయి. ఒకటి 6.0, ఇంకొకటి 5.8. ఆ 5.8 బ్యాటరీ మూతలు విప్పి, ఆసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటరు పెడితే నడిమి సెల్లులో ఆసిడ్ 1.140 చూపించింది. పక్క సెల్లుల్లో 1.250 ఉంది. టార్చి వేసి లోపలికి చూస్తే ప్లేట్ల పైఅంచు నీళ్లలోంచి తేలి, ఎండి, సున్నం పట్టినట్టు తెల్లగా కనబడింది.

నీళ్లు ఎవరు పోశారని అడిగాను. కిందటి వేసవిలో డిస్టిల్డ్ వాటర్ అయిపోయి, పని చేయడానికి వచ్చిన కుర్రాడు ఇంటి బోరు నీళ్లే పోశాడట. మా ఊరి బోరు నీళ్లు నాలుగు రోజులు బిందెలో ఉంటే అడుగున తెల్లటి పొర కడుతుంది. బ్యాటరీలో పోస్తే ఆ ఉప్పులు ఎక్కడికీ పోవు, లోపలే ఉండి ప్లేట్లను తింటాయి. ఆ కుర్రాడిని తప్పుపట్టను. ఆ నీళ్లకూ ఈ నీళ్లకూ తేడా ఏంటో చెప్పినవాళ్లెవరూ లేరు.

ఇంకో లోపం కారు కదిలినప్పుడే దొరికింది. ఎనిమిది బ్యాటరీల మధ్య ఉన్న ప్రతి లింకుకూ మీటరు ముళ్లు పెట్టి, మా షాపు పిల్లోడిని కారు ఎక్కించి గట్టిగా యాక్సిలరేటర్ తొక్కమన్నాను. కరెంటు 200 ఆంపియర్లు ఉన్నప్పుడు మంచి లింకు దగ్గర పడే వోల్టేజి చాలా తక్కువ, పది పదిహేను మిల్లీవోల్టులు. ఐదో లింకు దగ్గర 180 చూపించింది. 0.18 వోల్టులను 200తో హెచ్చిస్తే 36 వాట్లు. అంటే సోల్డరింగ్ ఐరన్‌కు సరిపోయే వేడి ఒక బోల్టు కింద పుడుతోంది. లింకు కొసన బోల్టు పట్టే లగ్గు విప్పితే దాని కింద సీసం మెత్తబడి పక్కకు జరిగి, వేలిముద్ర పడినట్టు గుంట పడి ఉంది. పాత ఎలక్ట్రిక్ బండి ఏది వచ్చినా ముందు ఈ పరీక్ష చేయండి. రెండు వందల రూపాయల మీటరు చాలు. బ్యాటరీ పోయిందని రాసిచ్చేముందు లింకులు చూడటం మన బాధ్యత.

మళ్లీ సీసమే వేస్తే తక్కువలో అయిపోయేది. మేడంకు అదే మొదట చెప్పాను. కానీ క్యాలెండర్ లెక్కలో ఇంకో సంగతి కూడా ఉంది. పదిహేడేళ్లలో నాలుగు సెట్లు, ఒక్కోటి నాలుగేళ్లు. సీసం బ్యాటరీకి వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుందని మా పనిలో అందరికీ తెలిసిన లెక్క. అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే నలభై దాటుతుంది. మరో నాలుగేళ్లకు మళ్లీ ఇదే ట్రాక్టరు, ఇదే తాడు. అదీకాక నెలకోసారి సీటు ఎత్తి నీళ్లు చూసుకోవడం ఆ వయసులో ఆమెవల్ల అయ్యే పని కాదు. లిథియం వేద్దామని ఇద్దరం అనుకున్నాం.

కారును ముందు చదవాలి

ఈ కారు పుట్టింది మాకు దగ్గర్లోనే, 44వ జాతీయ రహదారి మీద 210 కిలోమీటర్ల దూరంలో. బెంగళూరు మైనీ గ్రూపు, కాలిఫోర్నియాకు చెందిన అమెరిగాన్ కలిసి 1994లో రేవా కంపెనీ పెట్టాయి. 2001లో కారు మార్కెట్లోకి వచ్చింది. దాన్ని నడిపించిన చేతన్ మైనీ మిషిగన్ యూనివర్సిటీలో చదివేటప్పుడు 1990 నాటి సోలార్ కారు రేసు జట్టులో పనిచేశారు. సోలార్ కారు కట్టినవాళ్లకు ప్రతి కిలో ఎంత ఖరీదో తెలుస్తుంది. రేవాను విప్పినవాళ్లకు ఆ జాగ్రత్త ప్రతి చోటా కనబడుతుంది. ఉక్కు గొట్టాల ఫ్రేము, దాని మీద సొట్టపడని ఏబీఎస్ ప్లాస్టిక్ తొడుగులు, 2.64 మీటర్ల పొడవు, ఇద్దరు పెద్దలు, వెనక ఇద్దరు పిల్లలు. బ్యాటరీలు తీసేస్తే 400 కిలోలకు లోపే. లండన్‌లో జీ-విజ్ పేరుతో అమ్మినప్పుడు మామూలు కారుగా కాకుండా క్వాడ్రిసైకిల్‌గా చెల్లుబాటయింది ఆ బరువు వల్లే. ఊరి మధ్యలోకి వచ్చే కార్లకు అక్కడ వేసే కంజెషన్ ఛార్జి దీనికి లేకపోవడంతో లండన్‌వాళ్లు బాగా కొన్నారు. 2010లో కంపెనీలో మెజారిటీ వాటా మహీంద్రా చేతికి వెళ్లింది. 2013లో అక్కడి నుంచి వచ్చిన ఈ2ఓ కారు మొదటి నుంచీ లిథియంతోనే వచ్చింది.

ఈ చరిత్ర ఎందుకు చెప్తున్నానంటే, ఆ 400 కిలోల కారు మీద 270 కిలోల సీసం కూర్చుని ఉంది. మొత్తం బరువులో వందకు నలభై పాళ్లు. స్ప్రింగులు, బ్రేకులు, ఛార్జరు, డాష్‌బోర్డులో బ్యాటరీ ముల్లు, అన్నీ ఆ సీసానికి తగ్గట్టు లెక్కగట్టినవే. చేసినవాళ్లు బాగా చేశారు. దాన్ని తీసి వేరే జాతి బ్యాటరీ పెట్టేవాడు ఆ లెక్కలన్నీ మళ్లీ వేయాలి. "48 వోల్టులు తీసి 48 వోల్టులు పెట్టడమే కదా" అని నాకు సలహా ఇచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. అలా అనుకుని చేసిన రెండు ఆటోలు తర్వాత మా షాపుకే వచ్చాయి.

ఎన్ని ఆంపియర్లు

లిథియంలో ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకమే తీసుకోవాలని ముందే నిర్ణయించుకున్నాను. మిగతా రకాలకంటే బరువు కాస్త ఎక్కువే, కానీ వేడికి అంత సులువుగా అదుపు తప్పదు. డెబ్బై ఏళ్ల మనిషి కూర్చునే సీటు కింద పెట్టేదానికి నాకు అంతకుమించిన కారణం అక్కర్లేదు.

ఎల్ఎఫ్‌పీ సెల్లు 3.2 వోల్టులు. పదిహేను కలిపితే సరిగ్గా 48, పదహారు కలిపితే 51.2. పేరు చూసి పదిహేను తీసుకోవాలనిపిస్తుంది. కానీ 48 వోల్టుల సీసం ప్యాక్ ఛార్జింగ్ చివర్లో దాదాపు 60కి చేరేది, అప్పుడే తీసి నడిపినా, మోటారుకు కరెంటును అదుపుచేసి పంపే కంట్రోలరు తట్టుకునేది. పదహారు సెల్లులు పూర్తిగా నిండితే 58.4. కంట్రోలరుకు అది కొత్త వోల్టేజి కాదు. కింది వైపు చూసినా పదహారే నయం, ఎక్కుడులో వోల్టేజి పడినప్పుడు కారు నీరసించదు. పదహారు తీసుకున్నాం.

ఇక సామర్థ్యం. రోజుకు 18 కిలోమీటర్లకు 100 ఆంపియర్ అవర్ల సెల్లులు చాలు, మూడు రోజులు వస్తాయి. మొదట నేనూ అలాగే లెక్కేశాను. తప్పు ఎక్కడుందంటే, నేను దూరాన్ని చూశాను, కరెంటును చూడలేదు. ఈ కారు డీసీ మోటారు గట్టిగా లాగినప్పుడు 13 కిలోవాట్లు తీసుకుంటుంది. 48 వోల్టుల దగ్గర అది 270 ఆంపియర్లు. 100 ఆంపియర్ అవర్ల సెల్లును 270 ఆంపియర్లు అడగడమంటే కుండెడు నీళ్లు మోసేవాడి నెత్తిన మూడు కుండలు పెట్టడమే. వంతెన ఎక్కిన ప్రతిసారీ సెల్లు వేడెక్కి, ఉబ్బి, రెండేళ్లకే అరిగిపోతుంది. 280 ఆంపియర్ అవర్ల సెల్లుకు అదే 270 ఆంపియర్లు దాని శక్తికి లోబడిన పని. పెద్ద కారులో ప్యాక్ వోల్టేజి వందల్లో ఉంటుంది కాబట్టి ఈ చిక్కు రాదు. 48 వోల్టుల చిన్న కారులో ప్యాక్ సైజును తేల్చేది కిలోమీటర్లు కాదు, ఎక్కుడులో పట్టే ఆంపియర్లు. 280 తీసుకున్నాం. పదహారు సెల్లులకు 14.3 యూనిట్ల నిల్వ. సెల్లుకు 5.4 కిలోలు, పెట్టె, బార్లు, కేబుళ్లు అన్నీ కలిపి 118 కిలోలు తూగింది.

కట్టడం

సెల్లులు వచ్చాక ముందు పదహారింటినీ పక్కపక్కన పెట్టి, ప్లస్సులన్నీ ఒక వైపు, మైనస్సులన్నీ ఒక వైపు కలిపి 3.65 వోల్టుల దగ్గర ఛార్జి పెట్టాను. అన్నీ ఒకే మట్టానికి నిండాలంటే ఇదే దారి. మా బెంచి పవర్ సప్లై చిన్నది, ఐదు రోజులు పట్టింది. మేడం రోజూ సాయంత్రం ఫోన్ చేసి "ఇంకా నిండలేదా అప్పా?" అని అడిగేవారు. ఈ పనిని తొందరకోసం మానేసినవాళ్ల ప్యాకుల్లో ఒక సెల్లు ముందే నిండిపోయి, మిగతా పదిహేను సగంలోనే ఆగిపోతుంటాయి.

ఈ సెల్లుల ఒళ్లు అల్యూమినియం, దానిలోనూ కరెంటు ఉంటుంది. పైన ఉండే నీలం ప్లాస్టిక్ పొరను నమ్ముకోకూడదు. కారు కదిలే కొద్దీ రెండు సెల్లులు ఒరుసుకుని ఆ పొర చిరుగుతుంది. ప్రతి రెంటి మధ్య సన్నని ఫైబర్ రేకు, రెండు కొసల్లో కరెంటు పారని మందపాటి హైలం షీటు, బయట ఇనప (ఎంఎస్) ప్లేట్లు పెట్టి, పొడుగాటి బోల్టులతో పుస్తకాల కట్టలా బిగించాను. మరీ నలిగేలా బిగించకూడదు, ఉబ్బడానికి చోటివ్వకుండా పట్టుకుంటే చాలు. పానాలన్నిటికీ పిడి నుంచి మెడ దాకా ఇన్సులేషన్ టేపు చుట్టించాను. చేతి ఉంగరం, వాచీ తీసి డ్రాలో పెట్టాకే మా పిల్లోడిని దగ్గరికి రానిచ్చాను. వోల్టేజి 51 అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. షాక్ కొట్టకపోవచ్చు, కానీ పానా రెండు టెర్మినళ్ల మీద పడితే ఇనుము కరిగి కళ్లలోకి చిమ్ముతుంది.

లగ్గులు సుత్తితో కొట్టలేదు, హైడ్రాలిక్ క్రింపర్‌తో ఒత్తాం. ఎం6 బోల్టులకు టార్క్ రెంచి 5 న్యూటన్ మీటర్ల దగ్గర పెట్టాను. చేతి లెక్కతో బిగిస్తే అల్యూమినియంలో మర చెడిపోతుంది. ఫ్యూజు దగ్గర మాత్రం ఎవరూ రాజీపడకండి. ఏసీకి వాడే ఫ్యూజు డీసీలో తెగినా లోపల మంట ఆరదు, కరెంటు అలాగే పారుతుంది. డీసీ రేటింగ్ రాసి ఉన్న, పెద్ద కరెంటును కూడా తెంచగల హెచ్‌ఆర్‌సీ ఫ్యూజునే ప్యాక్ ప్లస్ పక్కనే వేశాం. ప్యాక్‌ను కంట్రోలరుకు కలిపే పెద్ద స్విచ్చు, అంటే కాంటాక్టర్‌కు 100 ఓమ్‌ల ప్రీఛార్జ్ రెసిస్టరు పెట్టాం. అది లేకపోతే తాళం తిప్పిన ప్రతిసారీ కంట్రోలరులోని కెపాసిటర్లు ఒక్క గుక్కలో కరెంటు తాగి, కాంటాక్టర్ మొనలను అతికించేస్తాయి.

పాత ఛార్జరును వాడలేదు. సీసానికి అది చివర్లో వోల్టేజి పెంచి, వెనకబడిన సెల్లులను కూడా నింపే ఈక్వలైజింగ్ చేసేది. సీసానికి మందు లాంటి ఆ పని లిథియానికి విషం. 40 ఆంపియర్ల కొత్త ఛార్జరు తెప్పించాం. ఆ 40 బ్యాటరీ వైపు లెక్క. ప్లగ్గు వైపు వోల్టేజి ఎక్కువ, ఆంపియర్లు తక్కువ కాబట్టి 15 ఆంపియర్ల ప్లగ్గుకే సరిపోయింది.

వంతెన మీద

మే నెలాఖరున మొదటిసారి రోడ్డు మీదికి తీశాను. రాత్రంతా 58.4 వోల్టుల దాకా నింపి, పొద్దున ఆరున్నరకు నేనూ మా పిల్లోడూ బయల్దేరాం. కారు తేలిగ్గా, కొత్త బండిలా లాగుతోంది. రైల్వే వంతెన ఎక్కి అవతలికి దిగుతూ యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాను. సగం దిగేసరికి టక్కుమని శబ్దం. డాష్‌బోర్డు ఆరిపోయింది, మోటారు పలకలేదు. వెనక బస్సు హారన్ కొడుతోంది. బ్రేకులు మామూలు హైడ్రాలిక్ కాబట్టి పక్కకు తీసి ఆపగలిగాను. దిగేసరికి కాళ్లు వణుకుతున్నాయి. ఆ సీట్లో మేడం ఉండుంటే అన్న ఆలోచన ఆ రోజంతా వదల్లేదు.

ప్యాక్‌లో ప్రతి సెల్లునూ కనిపెట్టి, హద్దు దాటితే కరెంటు తెంచే బోర్డు బీఎంఎస్. ఫోన్‌లో దాని రికార్డు తెరిస్తే 11వ సెల్లు 3.66 వోల్టులు, ఓవర్ వోల్టేజి, కటాఫ్ అని ఉంది. వెంటనే అర్థమైంది. కాలు తీసినప్పుడు ఈ కారు మోటారు జనరేటర్‌గా మారి బ్యాటరీని నింపుతుంది. ఆ రీజెనరేటివ్ బ్రేకింగ్ రేవాలో మొదటి నుంచీ ఉంది. నిండు సీసం బ్యాటరీ ఆ కాస్త కరెంటును బుడగలుగా, వేడిగా మార్చుకుని సర్దుకునేది. అంచుదాకా నిండిన లిథియం సెల్లుకు సర్దుకునే చోటు లేదు. బీఎంఎస్ తన పని తాను చేసి ప్యాక్‌ను తెంచేసింది. తెంచిన క్షణంలో మోటారు ఇంకా కరెంటు పుట్టిస్తూనే ఉంది, అది వెళ్లడానికి దారి లేదు. కంట్రోలరు కాలిపోవాల్సింది, అదృష్టం కొద్దీ నిలబడింది. తప్పు నాది. ఛార్జరును సెల్లు డేటాషీటులోని గరిష్ఠ వోల్టేజికి పెట్టాను గానీ, కారు కూడా ఇంకో ఛార్జరేనన్న సంగతి మరిచాను.

మూడు మార్పులు చేశాం. ఛార్జింగ్ 56.0 దగ్గర ఆగేలా పెట్టాం, అంటే సెల్లుకు 3.50. ఎల్ఎఫ్‌పీ ఆ మట్టానికే దాదాపు నిండిపోతుంది, పోగొట్టుకున్న దూరం రెండు మూడు కిలోమీటర్లు. కంట్రోలరులో రీజెన్ బలం సగానికి తగ్గించాం. అన్నిటికంటే ముఖ్యమైనది, బీఎంఎస్ తెంచేముందు ఒక సిగ్నల్ ఇచ్చేలా చేసి, ఆ సిగ్నల్‌తో రీజెన్ ఆగి డాష్‌బోర్డులో బజర్ మోగేలా వైరు లాగాం. తెంచడం అనేది ఆఖరి అస్త్రంగా మిగిలింది. ఆ తర్వాత అదే వంతెన మీద, కావాలనే నిండు ఛార్జితో, ఒకే పొద్దున పన్నెండుసార్లు ఎక్కి దిగాను. ఒక్కసారి కూడా ఆగలేదు. అప్పుడుగానీ మేడంకు ఫోన్ చేయలేదు.

మిగతా సర్దుబాట్లు

150 కిలోలు దిగేసరికి కారు ముందు భాగం 35 మిల్లీమీటర్లు పైకి లేచింది. హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో పడుతున్నాయి, గతుకుల్లో బండి ఎగురుతోంది. స్ప్రింగులు ఒక చుట్టు కోసేయమన్నారు ఒకరు. కోసిన స్ప్రింగు గట్టిబడుతుంది తప్ప మెత్తబడదు. కొలతలు ఇచ్చి కొంచెం లేత స్ప్రింగులు చేయించి, హెడ్‌లైట్లు గోడ మీద గీత పెట్టి దించాం.

డాష్‌బోర్డు ముల్లు వోల్టేజిని చూసి పనిచేసేది. సీసం ఖాళీ అయ్యే కొద్దీ వోల్టేజి మెల్లగా దిగుతుంది కాబట్టి దానికి సరిపోయింది. ఎల్ఎఫ్‌పీ వోల్టేజి తొంభై శాతం నుంచి ఇరవై శాతం దాకా దాదాపు కదలదు, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. ముల్లును నమ్ముకుంటే ఫుల్ మీద ఉండగానే నడిరోడ్డులో నిలబడాలి. కరెంటును కొలవడానికి దారిలో వేసే షంట్ పెట్టి, వెళ్లిన, వచ్చిన ఆంపియర్లను లెక్కగట్టే మీటరు బిగించి, శాతం అంకె పెద్దగా కనబడేలా స్టీరింగ్ పక్కన పెట్టాం.

వేడి సంగతి విడిగా కొలిచాను. మధ్యాహ్నం మూడింటికి బ్యాంకు ముందు ఎండలో ఆపిన కారులో సీటు కింద పెట్టె 54 డిగ్రీలు చూపించింది. అదే కారు వేపచెట్టు కింద 41. బీఎంఎస్‌లో 45 దాటితే ఛార్జి ఎక్కకుండా పెట్టి, ప్లగ్గు దగ్గర టైమర్ వేసి రాత్రి పదకొండు నుంచి పొద్దున ఐదు దాకా మాత్రమే కరెంటు వచ్చేలా చేశాం.

కష్టమైన సర్దుబాటు మేడం అలవాటుది. పదిహేడేళ్లుగా ఇంటికి రాగానే ప్లగ్గు పెట్టడం ఆమెకు సంధ్య దీపం పెట్టినంత అలవాటు. సీసానికి అదే సరైనది, ఖాళీగా ఉంచితే ప్లేట్లు గడ్డకడతాయి. లిథియంకు సంగతి తిరగబడింది, ఎప్పుడూ నిండుగా, అదీ ఎండల్లో ఉంచితే తొందరగా ముసలిదవుతుంది. అంకె 35కు దిగాక పెట్టండి మేడం, ఊరెళ్లేటప్పుడే పూర్తిగా నింపండి అని చెప్పాను. "పిల్లలకు వద్దన్న పని మానిపించడం ఎంత కష్టమో ఇప్పుడు తెలుస్తోందప్పా" అన్నారు. నెల పట్టింది.

కాగితాల గురించి ఒక మాట. కార్ల ప్యాకులకు ఏఐఎస్-038 ప్రమాణం ఉంది, మంట, కుదుపు, షార్ట్ సర్క్యూట్ లాంటి పరీక్షలన్నీ అందులో ఉన్నాయి. ఆ పరీక్షలు చేసే వసతి మా షాపులో లేదు, చేతితో కట్టిన ప్యాకుకు ఆ ముద్ర రాదు. ఆ మాట పని మొదలుపెట్టకముందే మేడంకు చెప్పి, మార్పు సంగతి ఇన్సూరెన్స్‌వాళ్లకు రాతపూర్వకంగా ఇప్పించాను. మీకు తెలిసిన పరిధిలో ప్రమాణం ఉన్న రెడీమేడ్ ప్యాకు దొరికితే అదే వేయండి. ఈ పాత కారు ట్రేకు సరిపోయేది మాకు దొరకలేదు. దించిన సీసం బ్యాటరీలను తూకంవాళ్లకు ఇవ్వకుండా, 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం తీసుకునే డీలరుకు అప్పగించాం.

రెండు వేసవుల తర్వాత

సీసంతో ఈ కారు కిలోమీటరుకు 120 వాట్ అవర్ల పైన తినేది. ఇప్పుడు ఊళ్లో 95. ప్లగ్గు దగ్గర కొలిస్తే రోజుకు సుమారు రెండు యూనిట్ల కరెంటు. నాలుగు రోజులకోసారి ఛార్జి. 2025 మే నెలలో కారును తెప్పించుకుని పెట్టె విప్పాను. సెల్లుల మధ్య తేడా 8 మిల్లీవోల్టులు. ప్రతి లింకుకూ మళ్లీ మీటరు ముళ్లు పెట్టి 200 ఆంపియర్ల దగ్గర చూశాం. ఎక్కువలో ఎక్కువ 14 మిల్లీవోల్టులు. రెండు నట్లు కొద్దిగా వదులయ్యాయి, బిగించి పెయింట్ గీత పెట్టాం. వెనక చక్రాల దగ్గర మోటారు కార్బన్ బ్రష్‌లు అరిగాయి, మార్చాం. ఇంకోసారి కడితే పెట్టెకు కింద గాలి ఆడే ఖాళీని రెట్టింపు చేస్తాను, బీఎంఎస్ సిగ్నల్ వైరును మొదటి రోజే లాగుతాను.

కారు తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు మేడం ఆ ఏడాది క్యాలెండర్ కూడా తెచ్చారు. ఏప్రిల్ పేజీలో ఒక గడి మిగతావాటికంటే నిండుగా ఉంది. పాల లెక్క పక్కన, సందు దొరికినంత మేర రాశారు: "ధర్మవరం. చెల్లెలి మనవరాలికి పెళ్లి చీర. రాను పోను 84. ఇల్లు చేరేసరికి 42 శాతం."